అల్లుడి చంక కింద

నా కుడి భుజం మా అల్లుడి ఎడమ చంక కింద ఉంది. వాడి చెమట నా చెవిలోకి కారుతోంది. నా ముక్కుకి బెత్తెడు దూరంలో వాడి పక్కటెముకలు లేచి పడుతున్నాయి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది కాబట్టి ఆరోదీ ఏడోదీ ఎనిమిదోదీ విడివిడిగా తెలుస్తున్నాయి. నా మోచెయ్యి సరిగ్గా అక్కడే ఉంది. ఒక్క పోటు చాలు. యాభై ఎనిమిదేళ్ళ ముసలిదాన్నే, కానీ ముప్పై ఏళ్ళుగా మనుషుల గోపురం మొదట్లో నిలబడి నిలబడి ఈ భుజాలు దుంగలయ్యాయి, ఒక్క పోటు పొడిస్తే పటుక్కుమంటుంది, విరిగిన ఎముక చేతి కింద ఎలా కదులుతుందో నాకు తెలుసు, ఈ పొద్దున్నే తెలిసింది, నా కూతురి ఒంటి మీద. వీడు విరగ్గొట్టిందే. ఊపిరి తీసుకో అసుంతా, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ముక్కుతో తీసుకో, వీడి కంపు పీల్చాల్సొస్తే పీల్చు, నోరు మాత్రం తెరవకు, ఒట్టు వేశావు.

"తలలు దించండి! రొమ్ములు ముందుకి! నోళ్ళు మూయండి!" అని ఫెర్మీ పైనుంచి అరుస్తున్నాడు. మా జట్టు పెద్ద అతను. ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళం ఎక్కి గోపురం కట్టేటప్పుడు అతనొక్కడే మాట్లాడాలి, మిగతా రెండొందల మందీ మూగవాళ్ళం. ఎవరు ఎక్కడ నిలబడాలో అతనే చెబుతాడు, టేపు పెట్టి భుజం ఎత్తు కొలుస్తాడు, కాగితం మీద పేరు రాస్తాడు, అంతే. ఎవరికి ఎవరంటే పడదో అతనికి అక్కర్లేదు, నిరుడు ఆస్తి కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములిద్దర్నీ కడుపూ వీపూ ఆనించి నిలబెట్టాడు. నేను పొట్టిదాన్ని. పొట్టివాళ్ళని అడుగు మనిషి చంకల కింద పెడతారు, కుంటివాడికి ఊతకర్ర పెట్టినట్టు, మమ్మల్ని పిలిచేదీ ఊతకర్రలనే. అడుగు మనిషి అంటే మొత్తం బరువు మోసేవాడు. మూడు కాళ్ళ గోపురానికి ముగ్గురు అడుగు మనుషులు, మునిసిపాలిటీ భవనం వైపు కాలుకి ఒలెగేర్. ఆరేళ్ళుగా వీడికి నేనే ఊత, ఆరేళ్ళుగా నా కూతురి మొగుడు, "మా అత్త లేకపోతే నేను కూలబడతాను" అని బార్లో అందరికీ చెప్పుకునేవాడు, నేను పొంగిపోయేదాన్ని, సిగ్గులేనిదాన్ని.

ఇప్పుడు వీడి భుజాల మీద బియెల్ నిలబడ్డాడు. బియెల్ మీద ఇంకొకడు ఎక్కుతున్నాడు. వాడి మీద నాలుగో అంతస్తు నా కూతురు సెందాది. దాని మీద ఇంకో నాలుగంతస్తులు, పైకి పోయేకొద్దీ పిల్లలు, అన్నిటికన్నా పైన ఎనిమిదేళ్ళ చిట్టిది, అది చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్ళు చూపిస్తే గోపురం కట్టినట్టు. ఆ తర్వాత దిగాలి. దిగేటప్పుడే పడతాయి గోపురాలు. నా కూతురు విరిగిన ఎముకతో అక్కడ నిలబడి, మెడ వంచి, పైవాళ్ళ పాదాల్ని భుజాల మీద మోస్తుంది. ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. దానికి తెలుసు. వీడికి తెలుసు.

పొద్దున పదిన్నరకి పాత రథాల మైదానం కమానుల కింద, మా జట్టు గది. అందరూ దట్టీలు చుట్టుకుంటున్నారు. నల్లటి బట్ట, పదహారు మూరలు, ఒకళ్ళు కొస బిగించి పట్టుకుంటే ఇంకొకళ్ళు గిరగిరా తిరుగుతూ నడుముకి చుట్టుకుంటూ వస్తారు. సెందా దట్టీ చిన్నప్పట్నుంచీ నేనే పట్టుకుంటాను, పెళ్ళయినా వీణ్ణి పట్టుకోనివ్వలేదు, నాకదో గర్వం. కాలు తన్నిపెట్టి వెనక్కి లాగాను. అది తిరిగింది, ఒక చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టులో దాని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, కుక్కపిల్ల తోక తొక్కినప్పుడు వచ్చేలాంటిది. మొహం చూశాను. పెదాలు తెల్లగా ఉన్నాయి. దగ్గరికి పోయి చొక్కా కింద చెయ్యి పెట్టాను. వద్దు అంటూనే ఉంది. కుడి పక్క, రొమ్ము కింద, ఉబ్బుగా వేడిగా ఉంది, నొక్కీ నొక్కక ముందే లోపల ఏదో జరిగింది, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి. నా చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేసింది.

"ఏమైందే?"

"ఏం లేదు. మొన్న కెథీడ్రల్ మెట్ల మీద జారాను."

కెథీడ్రల్ మెట్లు. పందొమ్మిది మెట్లు, ఎండకి తెల్లగా మెరుస్తాయి, టూరిస్టులు వాటి మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటారు, పెళ్ళికూతుళ్ళు వాటి మీద ఫోటోలు దిగుతారు, నేను ఆ మెట్ల మీద ఒక్కసారి కూడా జారలేదు, కానీ ఇరవై రెండేళ్ళ కిందట నా ముందుపన్ను ఊడినప్పుడు మా వీధివాళ్ళకీ, మా అమ్మకీ, పన్ను డాక్టరుకీ, ఎనిమిదేళ్ళ ఈ పిల్లకీ నేను చెప్పింది ఆ మెట్ల గురించే. కెథీడ్రల్ మెట్ల మీద జారాను. జెరోని, నా మొగుడు, పక్కనే నిలబడి "చూసి నడవమంటే వినదు" అన్నాడు డాక్టరుతో. వాడు పోయి తొమ్మిదేళ్ళయింది, నవంబరులో సమాధి మీద పూలు పెట్టి వస్తాను, ఆ పన్ను సంగతి వాడితో పాటే పాతిపెట్టాననుకున్నాను. ఈ పిల్ల దాన్ని ఇన్నాళ్ళూ దాచుకుంది. నా నోటి నుంచే నేర్చుకుంది అబద్ధం, మాట కూడా మార్చలేదు, అవే మెట్లు, అదే జారడం, నా మొహంలోకి చూస్తూ నాకే చెప్పింది.

"వాడేనా?"

"అమ్మా, ఇవాళ కాదు. గొడవ చేశావంటే నీ గడప తొక్కను, చెబుతున్నాను. నాలుగో అంతస్తుకి నేను తప్ప ఎవరూ లేరు. ఎక్కనంటే ఎందుకని అడుగుతారు. నోరెత్తనని ఒట్టెయ్యి."

వేశాను. నా చెయ్యి నా నోటి మీద పెట్టించి మరీ వేయించుకుంది.

"ఇంకా బిగించు," అంది. "వదులుగా ఉంటే కదులుతుంది."

బిగించాను. ఈ రెండు చేతులతోనే. పదహారు మూరలూ అయ్యేదాకా అది నా వైపు తిరుగుతూ వచ్చింది, చుట్టుకీ చుట్టుకీ మధ్య నా భుజం మీద నుదురు ఆనించి ఊపిరి తీసుకుంది. పక్క బల్ల దగ్గర వీడు రొట్టె నమిలి నవ్వుతున్నాడు. "అత్తా, ఇవాళ వెల్లుల్లి తినలేదు కదా? నీ తల నా ముక్కు కిందే ఉంటుంది మరి!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేవుడా, నేనూ నవ్వాను.

పాదం. నా వీపు మీద. వీపు మీంచి మెడ పక్కకి, మడమ గరుగ్గా, బొటనవేలు కొంచెం లోపలికి తిరిగి, ఆ పాదం నాకు తెలుసు, తొమ్మిది నెలలు నా పొట్టలోంచి నన్ను తన్నిన పాదం. సెందా ఎక్కుతోంది. ఒక్క క్షణం నా భుజం మీద బరువంతా మోపింది, ఆ క్షణంలో చీలమండ పట్టుకుని కిందికి లాగేద్దామనిపించింది, లాగేస్తే రాదూ, దిగవే, దిగి ఇంటికి పోదాం పద, అని. పాదం వెళ్ళిపోయింది. వీడి వీపు బిగుసుకుంది. బరువు దిగుతోంది పైనుంచి, కిందికి, ఒక్కొక్కళ్ళదీ, వీడి చంక నా భుజం ఎముకలోకి దిగబడుతోంది. సన్నాయిలు మొదలయ్యాయి. సన్నాయి మోగిందంటే ఇంక వెనక్కి లేదు, కట్టాలి లేదా కూలాలి. మాకు చూపు లేదు, తలెత్తితే మెడ విరుగుతుంది, సన్నాయి వినే ఎవరు ఎక్కడున్నారో తెలుసుకుంటాం.

వీడు చొక్కా కాలరు పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. బరువు మోసేవాళ్ళందరూ అలాగే చేస్తారు, చొక్కా జారకుండా, అరవకుండా. మాట్లాడలేడు. చేతులు పైకెత్తి బియెల్ పిక్కలు పట్టుకున్నాడు, కదపలేడు. నోరు లేదు చేతులు లేవు. నా కూతురి పక్కన వీడికి ఎన్ని చేతులో. చేతితోనా, కాలితోనా? కాలితో అయ్యుంటుంది. కింద పడ్డాక. నిన్న రాత్రి మా ఇంట్లో పండగ కూర చేశాను, ట్యూనా చేప వెన్నూ నత్తలూ, నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడి, రెండు పళ్ళేలు ఊడ్చుకుని తిన్నాడు, "ఈ చేతులకి బంగారు గాజులు చేయించాలి" అన్నాడు. సెందా చెంచా కింద పడింది. అది వంగలేదు. ఇంకో చెంచా తెచ్చుకుంది సొరుగులోంచి. చూశాను. చూసి, బద్ధకం అనుకున్నాను. అయ్యో, బద్ధకం అనుకున్నానే నా తల్లీ.

పందొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం సముద్రం ఒడ్డున, జనం చూస్తుండగా ఇసకలో మనుషుల్ని చంపించిన పాత రోమను రంగస్థలంలో. టిక్కెట్టు చింపుతాను, రాళ్ళెక్కవద్దని అరుస్తాను, అడిగినవాళ్ళకి చెబుతాను. అందరూ అడిగేది ఒకటే. ఇక్కడ ఎంతమంది చచ్చారు? సింహాలు ఏ తలుపులోంచి వచ్చేవి? రక్తం ఎటు పోయేది? సముద్రం అంత నీలంగా వెనకాల ఉంటే ఒక్కడూ దాని వైపు చూడడు. ఇదిగో ఇక్కడ బిషప్పుని ఇద్దరు సహాయకులతో కట్టి సజీవంగా కాల్చారు అంటే "ఓహో!" అని ఫోను తీస్తారు. ముందు కట్లే కాలిపోయాయట, చేతులు విడిపడ్డాయట, మంటల్లో చేతులు చాపి నిలబడ్డారట, మా ఊళ్ళో పసివాళ్ళకి కూడా తెలుసు. మొన్న వేసవిలో ఒక తండ్రి కొడుకుని ఇసకలో పడుకోబెట్టి, మీద కాలు వేసి, చేతిలో గొడుగు కత్తిలా పట్టుకుని నాతో ఫోటో తీయించుకున్నాడు. తీశాను. రోజుకి వెయ్యిమందికి చావులు చెప్పి నాకు చావంటే ఏమీ అనిపించడం మానేసింది. కానీ ఆ రంగస్థలం మెట్ల మీద కూర్చుని పన్నెండు వేలమంది బొటనవేలు తిప్పి చంపు, చంపు, అని ఎలా అరవగలిగారో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు. ఇవాళ అర్థమవుతోంది. నాకు ఇసక కావాలి. నాకు కత్తి కావాలి. వీణ్ణి చొక్కా విప్పి ఎండలో నిలబెట్టి, కుడి పక్క మూడు వేళ్ళు ఆనించి వెతికి, అదే ఎముక, అదే చోట.

ఈ బండల కిందా ఇసకే. ఈ చౌకు మొత్తం రథాల మైదానం మీద కట్టిందే, మునిసిపాలిటీ భవనం దగ్గర మలుపులో రథాలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి, కళ్ళేలు నడుముకి కట్టుకునేవారు కాబట్టి పడ్డవాణ్ణి గుర్రాలు ఈడ్చుకుపోయేవి, చక్రం కింద పడి తొడ రెండుగా, ఎముకలు, ఎముకలు, ఎటు పోయినా ఎముకలే ఈ ఊళ్ళో. సన్నాయి గొంతు పెంచింది. ఐదో అంతస్తు ఎక్కారు. వీడి తొడలు గట్టిగా ఉన్నాయి. బాగా మోస్తున్నాడు ముండాకొడుకు, రాయిలా ఉన్నాడు, అదే నాకు భరించరానిది, ఇంత బలం ఉన్నవాడు, ఆరుగురిని మోసేవాడు, యాభై ఐదు కిలోల పిల్ల మీద.

నోరెత్తనన్నాను. ఎవరితో అన్నది చెప్పలేదు కదా. వీడితో మాట్లాడనని అన్నానా?

"ఒలెగేర్."

వీడి చెవి నా నోటికి దగ్గరగా ఉంది. ఎంత చిన్నగా అన్నా చాలు.

"ఒలెగేర్, నాకు తెలుసురా."

ఊ, అన్నాడు కాలరు వెనకాల. అర్థం కాలేదు.

"దాని పక్కటెముక. చేత్తో చూశాను. రెండు ముక్కలైంది. చేతితోనా, కాలితోనా?"

వీడి ఊపిరి ఆగింది. పొట్ట గట్టిపడింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో, అబద్ధం చెప్పను, దాహానికి నీళ్ళు తాగినట్టు అనిపించింది. చెప్పాను. ఆపలేదు. నువ్వు కదల్లేవు, నోరు విప్పలేవు, దాన్నీ ఇలాగే నిలబెట్టావా గోడకి, అది కూడా ఇలాగే నోరు మూసుకుందా పొరుగువాళ్ళకి వినబడకుండా, దిగాక నీ సంగతి చూస్తాను, నీ గొంతు కోస్తాను, మా వంటింట్లో ట్యూనా వెన్ను నరికే కత్తి ఉంది, నిన్న నువ్వు రెండు పళ్ళేలు తిన్నావు చూడు, ఆ కత్తితోనే, నువ్వు నిద్రపోతున్నప్పుడు కాదు, మెలకువగా ఉన్నప్పుడే, నీ కళ్ళలోకి చూస్తూ. పందొమ్మిదేళ్ళు చెప్పిన చావులన్నీ వీడికి చెప్పాను. కట్టి కాలుస్తానన్నాను. ఈడ్పిస్తానన్నాను. నా గొంతు నాది కాదనిపించింది, సన్నగా, తీయగా, పసిపిల్లకి కథ చెబుతున్నట్టు.

వీడి కుడి మోకాలు వణికింది.

వణుకు మొదట నా తుంటికి తెలిసింది. తర్వాత భుజానికి. తర్వాత అది నన్ను దాటి పైకి పోయింది, బియెల్ పిక్కల్లోకి, వాడి మీదివాడిలోకి, నాకు తెలుస్తూనే ఉంది అది ఎక్కడం, కింద గోరంత వణికితే పైన మూరెడు ఊగుతుంది, ఆ మూరెడు దగ్గర సెందా ఉంది.

"మునిసిపాలిటీ కాలు! ఏమైంది మునిసిపాలిటీ కాలుకి?" ఫెర్మీ గొంతు చీలింది. "వణుకుతోంది! ఒలెగేర్! సెందా, బిగువుగా ఉండు, బిగువుగా! సెందా, మెడ లోపలికి!"

పైనుంచి ఒక శబ్దం. పొద్దున దట్టీ చుట్టేటప్పుడు విన్నదే. చౌకులో అన్ని వేలమంది ఉన్నారు, సన్నాయిలు, డోలు, అయినా అది నాకు తిన్నగా వచ్చి తగిలింది. నిరుడు ఆగస్టులో ఇంకో ఊళ్ళో మా గోపురం కూలింది, కూలేటప్పుడు ఎవరూ అరవరు, మోకాళ్ళూ మోచేతులూ హెల్మెట్లూ వర్షంలా మీద పడతాయి, తర్వాత ఒక్క క్షణం ఏమీ వినబడదు, ఆ తర్వాత ఎవరో తల్లి. ఆ రోజు పదమూడేళ్ళ పిల్ల తొడ ఎముక చర్మంలోంచి బయటికి వచ్చింది. తెల్లగా ఉంది. ఇవాళ ఆ తల్లిని నేనే, పడేసేదాన్నీ నేనే. విరిగిన ఎముక ఊపిరితిత్తిలోకి దిగితే ఎంతసేపు బతుకుతారు? మోకాలు ఇంకా వణుకుతోంది. వీడు ఏడుస్తున్నాడు, కాలరు పళ్ళలో పెట్టుకుని ఏడుస్తున్నాడు, ఏడుపుకి పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ప్రతి ఎగురుకీ పైన నా పిల్ల ఊగుతోంది. వీడి మొహం పగలగొట్టాలని ఉంది, పగలగొడితే అది చస్తుంది. ఏం చెయ్యను. ఏం చెయ్యను.

"ఏం లేదు నాన్నా," అన్నాను.

నా నోరే అన్నది.

"ఏం లేదు నాన్నా, ఏం లేదు. నిలబడు. నేనున్నా కదా, నా మీద ఆనుకో. కోపంలో ఏదో అన్నాను. నువ్వు నా కొడుకువి కాదూ? మోకాలు లోపలికి తిప్పు, ఆ, అలాగే. మా బంగారం. ఊపిరి తీసుకో, నాతో పాటు తీసుకో, ఒకటి, రెండు. అంతా సర్దుకుంటుంది. నిలబడు నా తండ్రీ, నిలబడు."

ప్రతి మాటా నోట్లో మేకు పెట్టుకుని నమిలినట్టుంది. సెందాకి జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని అన్న మాటలివి, ఇవి తప్ప నాకు వేరే మంచిమాటలు లేవు, ఉన్నవన్నీ తీసి వీడికి పెట్టాను. భుజం ఇంకా పైకి ఎత్తాను, నా మెడ నరాలు తెగిపోతాయేమో అనిపించేదాకా, వీడి బరువులో సగం నేనే మోసేదాకా, నా చేత్తో వీడి వీపు నిమిరాను, నిమిరాను, ఏ వీపుని చీల్చాలనుకున్నానో ఆ వీపునే మెల్లగా, గుండ్రంగా. జెరోని కూడా పన్ను ఊడగొట్టిన రాత్రి నా వీపు ఇలాగే నిమిరాడు. మోకాలు నెమ్మదించింది. ఆగింది. సన్నాయి మారింది, సన్నగా పైకి పోయింది, చిట్టిది చెయ్యెత్తింది, చౌకు మొత్తం గర్జించింది, బండలు అదిరాయి, టూరిస్టులు ఈలలు వేస్తున్నారు, రంగస్థలంలో కూడా ఇలాగే అరిచి ఉంటారు, ఎవరో ఒకళ్ళు బతికినందుకూ ఇలాగే అరిచి ఉంటారు.

ఇంక దిగడం. ఆనందపడకండి, ఇంకా దిగలేదు, అని ఫెర్మీ అరుస్తున్నాడు. చిట్టిది జారింది. దాని కిందది. ఆ కింది ఇద్దరు. బరువు తగ్గుతోంది, పిడికెడు పిడికెడు. ఐదో అంతస్తు. ఇప్పుడు నాలుగో అంతస్తు వంతు. నిలబడు నాన్నా, ఇంకొక్క నిమిషం, నిలబడు నా బంగారం. నా నోరు ఎండిపోయింది, నాలుక అంటుకుపోతోంది, అయినా ఆపలేదు. సెందా రొమ్మూ పొట్టా కిందివాడికి ఆనించి జారాలి, అలా జారాలంటే ఆ పక్క రాసుకుంటుంది. రాసుకుంది. విన్నాను. పాదం నా మెడ మీద పడింది, చల్లగా ఉంది, వీపు మీదికి జారింది, ఎవరో అందుకున్నారు. దిగింది. మా సెందా నేల మీద ఉంది.

బియెల్ దిగాడు. మొదలు విడిపోయింది, గుంపంతా ఒక్కసారి ఊపిరి వదిలింది, ఎండ నా నడినెత్తిన పడింది. అందరూ కావిలించుకుంటున్నారు, ఏడుస్తున్నారు, సన్నాయిలవాళ్ళు గెంతుతున్నారు. ఒలెగేర్ కాలరు ఉమ్మేసి నా వైపు తిరిగాడు. మొహమంతా కన్నీళ్ళూ చీమిడీ. మూడేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. చేతులు చాపాడు.

"అత్తా... నన్ను క్షమించావు కదూ. నాన్నా అన్నావు. బంగారం అన్నావు."

"ఆ మాటలు నీక్కాదురా, నీ మీద నిలబడినదానికి. ఇప్పుడు నీ మీద ఎవ్వరూ లేరు."

పిడికిలితో మూతి మీద కొట్టాను. నా జన్మలో ఎవర్నీ కొట్టలేదు, ఎలా కొట్టాలో తెలియదు, బొటనవేలు లోపలికి పెట్టి కొట్టాను, అది విరిగింది. వాడి పన్ను నా వేలి కణుపులో దిగింది. వాడు వెనక్కి పడ్డాడు. లేవబోతే మళ్ళీ కొట్టాను, ఈసారి చెవి మీద, తర్వాత ఎక్కడ దొరికితే అక్కడ, వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు, మా చుట్టూ ఖాళీ ఏర్పడింది, కొందరు టూరిస్టులు ఇదీ పండగలో భాగమే అనుకుని చప్పట్లు కొడుతున్నారు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎవరో నన్ను నడుము దగ్గర పట్టుకుని ఎత్తేశారు, కాళ్ళు గాలిలో తన్నుకుంటున్నాను, నోట్లోంచి ఏం మాటలు వచ్చాయో నాకే తెలియదు.

"అక్కా! పిచ్చెక్కిందా నీకు?" ఫెర్మీ నా మొహంలో మొహం పెట్టాడు. "పండగ రోజు, చౌకులో, జట్టు చొక్కా వేసుకుని! ముప్పై ఏళ్ళ మనిషివి! ఇంకో ఇరవై నిమిషాల్లో రెండో గోపురం, నా అడుగు మనిషి మూతి పగలగొడతావా? ఎందుకు కొట్టావు, చెప్పు!"

"పోనీలే ఫెర్మీ," అన్నాడు ఒలెగేర్ రక్తం తుడుచుకుంటూ, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ముసలిదానికి ఎండదెబ్బ తగిలింది. నేను మోస్తాను. ఏం కాలేదు నాకు."

మోస్తాడట. పళ్ళు నూరాను. చెప్పేయాలి, చెప్పేస్తే అయిపోతుంది, రెండు ముక్కలు. కానీ ఒట్టు. ఒట్టు నోటికి వేశాను, చేతికి వేయలేదు, చెయ్యి చేయాల్సింది చేసింది, నోరు మూసుకునే ఉంటుంది. అది నా గడప తొక్కకపోతే నేను బతికేం లాభం? జనం మధ్యలో సెందా కనిపించింది, ఒక చేత్తో ఎవరి భుజమో పట్టుకుని నిలబడింది, పాలిపోయి, నన్నే చూస్తోంది. కళ్ళతోనే వద్దంటోందో, చెప్పమంటోందో, తల్లినై ఉండి నాకు తెలియలేదు.

"చెప్పవా? సరే. చొక్కా విప్పు," అన్నాడు ఫెర్మీ. "కారణం లేకుండా మనవాణ్ణి కొట్టినవాళ్ళు నా జట్టులో ఉండరు. ఎవరైనా సరే."

ముప్పై ఏళ్ళు. పైగుండీ విప్పడానికి చెయ్యి ఎత్తాను, బొటనవేలు పని చేయడం లేదు, ఎడమ చేత్తో విప్పాను. ఒకటి. రెండు. లోపల పాత బనీను, చెమటకి పసుపుపచ్చగా ఉంది, ఇంతమందిలో. మూడు. ఏడవకూడదనుకున్నాను, ఏడుస్తూనే విప్పుతున్నాను.

"అమ్మా, ఆపు," అంది సెందా.

గట్టిగా అనలేదు. ఎవరి భుజమైతే పట్టుకుందో వాళ్ళని వదిలేసి నాలుగడుగులు వేసి ముందుకొచ్చింది. ఫెర్మీ ముందు నిలబడింది. ఒలెగేర్ "సెందా," అన్నాడు, ఆ ఒక్క మాటే, మెల్లగా, ఇంట్లో ఎలా అంటాడో నాకు ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. అది వాడి వైపు తిరగలేదు.

"ఇతని మీద నేనెక్కను ఫెర్మీ," అంది. "రెండో గోపురానికే కాదు, ఎప్పుడూ ఎక్కను. మొన్న గురువారం నన్ను కింద పడేసి తన్నాడు. పక్కటెముక విరిగింది. అంతకు ముందు ఈస్టరుకి చెయ్యి మెలిపెట్టాడు. మెట్ల మీద జారలేదు నేను. ఎప్పుడూ ఎక్కడా జారలేదు."

బియెల్ ఒలెగేర్ పక్కనుంచి ఒక అడుగు జరిగాడు. చౌకు అవతల వేరే జట్టువాళ్ళు గోపురానికి కూడుకుంటున్నారు, వాళ్ళ పెద్ద తలలు దించండి, నోళ్ళు మూయండి, అని అరుస్తున్నాడు, ఆ గోలలో సగంమందికి దాని మాటలు అందలేదు, ఏమంది, ఏమంది, అని వెనకాల గుసగుసలు. సెందా కుడి పక్క చేత్తో అదిమి పట్టుకుని, నొప్పికి కళ్ళు మూసుకుని, నిండా ఊపిరి తీసుకుంది. వెనకవాళ్ళకి వినపడేలా మొత్తం మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.